డెన్నిస్ రిచీ

డెన్నిస్ మెకాలిస్టేర్ రిచీ (జననం: సెప్టెంబరు 9, 1941 - మరణం: అక్టోబరు 2011) సుప్రసిద్ధ అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త. సి ప్రోగ్రామింగు భాషను రూపొందించినవాడుగా, కెన్ థాంప్సన్‌తో కలిసి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంను నిర్మించినవాడుగా ఈయన ప్రసిద్ధుడు. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైనదిగా భావించే ట్యూరింగ్ పురస్కారాన్ని 1983లో వీరిద్దరూ కలిసి అందుకున్నారు.

సి భాష తెచ్చిన కీర్తి చాటున రిచీ చేసిన మరొక ఆవిష్కరణ కొంత మరుగున పడింది. యూనిక్స్ కుటుంబానికి చెందిన వ్యవస్థలో ఆదేశాలు టైపు చేసే ప్రతి విద్యార్థికి ఏదో ఒకనాడు అనుమతి నిరాకరించబడింది అనే అర్థం గల సందేశం ఎదురవుతుంది. ఏ ఫైలును ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎవరు నడపవచ్చు అని నిర్ణయించే ఏర్పాటు నుండి ఆ సందేశం పుడుతుంది. ఆ ఏర్పాటులో అత్యంత సూక్ష్మమైన భాగం, అంటే తనకు లేని అధికారాన్ని ఒక్క పనికి మాత్రమే, ఒక ప్రోగ్రాము ద్వారా మాత్రమే వినియోగదారునికి అందించే పద్ధతి, రిచీ ఆలోచన. ఆ ఆలోచన వలన కలిగే ప్రమాదాలను గురించి మొట్టమొదట వ్రాసినవారిలో కూడా ఈయన ఒకడు.

బాల్యం, విద్యాభ్యాసం

రిచీ న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి అలిస్టేర్ రిచీ బెల్ లేబొరేటరీస్‌లో శాస్త్రవేత్త. టెలిఫోను ఎక్స్ఛేంజీలకు ఆధారమైన స్విచింగు సర్క్యూట్ల రూపకల్పనపై 1951లో వెలువడిన ప్రామాణిక గ్రంథానికి ఈయన సహ రచయిత. డెన్నిస్ చిన్నతనంలోనే కుటుంబం న్యూజెర్సీ రాష్ట్రానికి తరలి వెళ్ళింది. అక్కడి సమిట్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో పట్టం పొందాడు. విద్యార్థిగా ఉన్న కాలంలో యూనివాక్ యంత్రం పనిచేసే తీరుపై విన్న ఒక ఉపన్యాసం ఈయన దృష్టిని కంప్యూటర్ల వైపు మళ్ళించింది.

తరువాత హార్వర్డ్‌లోనే అనువర్తిత గణితంలో పరిశోధన సాగించాడు. ప్రోగ్రాముల నిర్మాణానికి, గణన సంక్లిష్టతకు గల సంబంధం ఈయన పరిశోధనాంశం. పాట్రిక్ ఫిషర్ పర్యవేక్షణలో 1968 నాటికి సిద్ధాంత వ్యాసం సిద్ధమైంది. అయితే నియమం ప్రకారం విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి సమర్పించవలసిన బైండు ప్రతిని ఈయన సమర్పించలేదు. ఆ కారణంగా డాక్టరేటు పట్టం అధికారికంగా లభించలేదు. చాలాకాలం కనబడకుండా పోయిన ఆ వ్యాసాన్ని అమెరికాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2020లో ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది.

బెల్ లేబొరేటరీస్‌లో

1967లో రిచీ తండ్రి పనిచేసిన సంస్థలోనే చేరాడు. న్యూజెర్సీలోని ముర్రే హిల్ వద్ద ఉన్న కంప్యూటింగు శాస్త్రాల పరిశోధనా కేంద్రం ఈయన కార్యస్థానం. ఉద్యోగ జీవితమంతా ఈయన ఆ పరిశోధనశాలలోనే గడిపాడు.

అప్పుడు ఆ కేంద్రం మల్టిక్స్ అనే బృహత్తర ప్రయత్నంలో భాగస్వామి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ మిగిలిన రెండు భాగస్వాములు. ఒకే కంప్యూటరును అనేకమంది ఏకకాలంలో, ఒకరికొకరు అడ్డు రాకుండా వాడుకొనే వ్యవస్థను నిర్మించడం దీని ఆశయం. పని అనుకున్న వేగంతో సాగలేదు. ఖర్చు పెరిగింది. 1969లో బెల్ లేబొరేటరీస్ ఈ ప్రయత్నం నుండి వైదొలగింది. వ్యవస్థ చేజారినా, పదిమంది కలిసి పనిచేసుకొనే వాతావరణం పట్ల మక్కువ మాత్రం రిచీ, థాంప్సన్ మొదలైన వారిలో మిగిలిపోయింది.

యూనిక్స్ ఆవిర్భావం

1969లో కెన్ థాంప్సన్ ఎవరూ పెద్దగా వాడని ఒక పీడీపీ-7 యంత్రంపై చిన్న ఆపరేటింగ్ సిస్టంను వ్రాశాడు. ఫైళ్ళను అమర్చే పద్ధతిని రూపొందించడంలో రిచీ, రుడ్ కెనడే థాంప్సన్‌తో కలిసి చర్చించారు. మల్టిక్స్ పేరును చమత్కారంగా మార్చడంతో యూనిక్స్ అనే పేరు వచ్చింది.

1970లో వీరికి కొత్తదైన పీడీపీ-11 యంత్రం లభించింది. పరిశోధన కొరకని అడిగితే లభించని ధనం, సంస్థలోని పేటెంటు విభాగానికి పత్రాలు తయారుచేసే వ్యవస్థ నిర్మిస్తామని చెప్పడం వలన లభించింది. యంత్రం జ్ఞాపకశక్తి మొత్తం 24 కిలోబైట్లు. ఇందులో 16 కిలోబైట్లు వ్యవస్థకు, 8 కిలోబైట్లు వినియోగదారుల ప్రోగ్రాములకు కేటాయించారు. డిస్కు సామర్థ్యం 512 కిలోబైట్లు. ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రాము జ్ఞాపకస్థలంలోకి చొరబడకుండా ఆపే సాధనం ఆ యంత్రంలో లేదు.

ఈ చిన్న యంత్రంపైనే ఒకవైపు పేటెంటు విభాగపు టైపిస్టులు దరఖాస్తులు టైపు చేస్తూ ఉండేవారు. మరొకవైపు పరిశోధకులు కొత్త ప్రోగ్రాములు పరీక్షిస్తూ ఉండేవారు. పరిశోధకుడు చేసిన ఒక్క పొరపాటుతో వ్యవస్థ కుప్పకూలితే టైపిస్టుల శ్రమ వృథా అయ్యేది. కనుక ఎవరి ఫైలు ఎవరిది, దానిని ఎవరు తాకవచ్చు అనే ప్రశ్న అక్కడ పుస్తకాలకు పరిమితమైనది కాదు, ప్రతిదినం ఎదురయ్యే సమస్య. యూనిక్స్ తొలి ప్రోగ్రామరుల కరదీపిక నవంబరు 3, 1971 తేదీతో వెలువడింది. ఫైలు అనుమతులను మార్చే సీహెచ్‌మోడ్ ఆదేశం అందులోనే కనిపిస్తుంది.

సి భాష

తొలి యూనిక్స్ యంత్రానికి దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలో వ్రాయబడింది. అటువంటి ప్రోగ్రాము ఒక రకపు యంత్రానికే కట్టుబడి ఉంటుంది. థాంప్సన్ అంతకు ముందే బి అనే చిన్న భాషను తయారుచేశాడు. అందులో అక్షరాలు, పూర్ణాంకాలు వంటి దత్తాంశ రకాల భేదం లేదు. 1971 నుండి 1973 వరకు రిచీ ఈ భాషకు రకాలను, తరువాత వివిధ రకాల దత్తాంశాలను ఒకచోట కూర్చే నిర్మితులను చేర్చి సి భాషగా తీర్చిదిద్దాడు. నిర్మితులు లేని దశలో, 1972లో, యూనిక్స్‌ను సి భాషలో తిరగవ్రాయడానికి థాంప్సన్ ప్రయత్నించి విరమించుకున్నాడు. అవి చేరిన తరువాత 1973లో ఆ పని నెరవేరింది.

దీని ఫలితం గొప్పది. ఆపరేటింగ్ సిస్టంను ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి తరలించడం సాధ్యమైంది. స్టీఫెన్ జాన్సన్‌తో కలిసి రిచీ 1970ల చివరిలో యూనిక్స్‌ను ఇంటర్‌డేటా యంత్రంపైకి మార్చి ఈ సంగతిని నిరూపించాడు.

1978లో బ్రయన్ కెర్నిగన్‌తో కలిసి రిచీ సి భాషపై వ్రాసిన పుస్తకం వెలువడింది. 228 పుటల ఈ చిన్న పుస్తకాన్ని ఇద్దరు రచయితల పేర్లలోని తొలి అక్షరాలతో కె అండ్ ఆర్ అని పిలుస్తారు. రెండవ కూర్పు 1988లో వచ్చింది. భారతదేశంలో దీని చౌక ధర ప్రతి ఇంజనీరింగు విద్యార్థులకు చిరపరిచితం. తెలుగు ప్రాంతాల కళాశాలలలో కూడా ఎన్నో తరాల విద్యార్థుల ప్రోగ్రామింగు అక్షరాభ్యాసం సి భాషతోనే జరిగింది.

ఫైలు అనుమతుల ఏర్పాటు

యూనిక్స్‌లో ప్రతి ఫైలుకు ఒక యజమాని ఉంటాడు. ఫైలుతోపాటు కొన్ని బిట్లు భద్రపరచబడతాయి. ఒక్కొక్క బిట్టు ఒక అనుమతి ఉన్నదో లేదో తెలుపుతుంది. 1974 జూలైలో రిచీ, థాంప్సన్ ప్రచురించిన సుప్రసిద్ధ పత్రం నాటికి ఇవి ఏడు. చదవడం, వ్రాయడం, నడపడం అనే మూడు అనుమతులు యజమానికి విడిగా, ఇతరులందరికీ విడిగా ఉండేవి. ఏడవది సెట్ యూజర్ ఐడి బిట్టు. 1978లో ఇదే పత్రం సవరించి వెలువడే నాటికి బృందం అనే మూడవ వర్గం చేరి బిట్ల సంఖ్య పదికి పెరిగింది. యజమాని, బృందం, ఇతరులు అనే ఈ మూడు వర్గాల విభజన నేటి లినక్స్ వ్యవస్థలలో కూడా అదే విధంగా ఉన్నది.

చదివే అనుమతికి 4, వ్రాసే అనుమతికి 2, నడిపే అనుమతికి 1 అని విలువలు. ఒక వర్గానికి ఉన్న అనుమతుల విలువలను కూడితే ఒక అంకె వస్తుంది. ఉదాహరణకు 644 అనగా యజమాని చదవవచ్చు, వ్రాయవచ్చు. బృందం, ఇతరులు చదవడానికి మాత్రమే అర్హులు. 755 అనగా యజమానికి మూడు అనుమతులు. మిగిలినవారికి చదవడం, నడపడం. 600 అనగా యజమానికి తప్ప ఎవరికీ ప్రవేశం లేదు.

డైరెక్టరీ విషయంలో ఈ అనుమతుల అర్థం కొంత మారుతుంది. చదివే అనుమతి ఉంటే లోపలి పేర్ల జాబితాను చూడవచ్చు. వ్రాసే అనుమతి ఉంటే, దానితోపాటు నడిపే అనుమతి కూడా ఉన్నప్పుడు, కొత్త పేర్లు చేర్చవచ్చు, ఉన్నవాటిని తొలగించవచ్చు. నడిపే అనుమతి ఉంటే ఆ డైరెక్టరీ గుండా లోపలికి వెళ్ళవచ్చు. అందువలన ఒక ఫైలును తొలగించే అధికారం సాధారణంగా ఆ ఫైలు అనుమతులపై కాక, అది ఉన్న డైరెక్టరీ అనుమతులపై ఆధారపడుతుంది.

సెట్ యూజర్ ఐడి ఆవిష్కరణ

పై అనుమతులతో తీరని చిక్కు ఒకటి ఉన్నది. సంకేతపదాలు దాచిన ఫైలును సాధారణ వినియోగదారుడు మార్చగలిగితే ఇతరుల సంకేతపదాలను కూడా మార్చివేయగలడు. మార్చలేకపోతే తన సంకేతపదాన్ని సైతం మార్చుకోలేడు. ఫైలు మొత్తం తెరవడమో, మొత్తం మూయడమో తప్ప మధ్యేమార్గం లేదు. అంకెలను ఊహించే మూ అనే ఆటలో క్రీడాకారుల ఫలితాలను నమోదు చేసే ఫైలుకు కూడా ఇదే చిక్కు ఉండేది. ఆట ఆడినప్పుడు ఫలితం నమోదు కావాలి. కాని ఆటగాడు ఆ ఫైలును స్వయంగా తెరచి తన అంకెలను పెంచుకోకూడదు. 1974 పత్రంలో రచయితలు ఈ సమస్యను ఉదాహరణగా పేర్కొన్నారు.

రిచీ చూపిన పరిష్కారం మిక్కిలి సరళమైనది. సాధారణంగా ఒక ప్రోగ్రాము దానిని నడిపినవాని అధికారంతో పనిచేస్తుంది. ప్రోగ్రాము ఫైలుపై సెట్ యూజర్ ఐడి బిట్టు ఉంటే మాత్రం, అది ఆ ఫైలు యజమాని అధికారంతో పనిచేస్తుంది. అప్పుడు సంకేతపదాల ఫైలును ప్రధాన నిర్వాహకుడు తప్ప ఎవరూ మార్చలేని విధంగా మూసి ఉంచవచ్చు. దానిని మార్చే ప్రోగ్రాముకు మాత్రం నిర్వాహకుని అధికారం ఉంటుంది. ఆ ప్రోగ్రాము, అడిగినవాడు ఎవరో పరిశీలించి, అతని సంకేతపదాన్ని మాత్రమే మార్చుతుంది. ఇక్కడ అధికారం మనిషికి దక్కదు, పనికి దక్కుతుంది. తాళంచెవి చేతికి ఇవ్వకుండా, నమ్మకస్తుడైన ద్వారపాలకునిచేత కావలసిన ఒక్క వస్తువును తెప్పించుకోవడం వంటిది ఈ ఏర్పాటు.

ఈ బిట్టును తన సొంత ప్రోగ్రాముపై ఎవరైనా ఉంచవచ్చు. నిర్వాహకుని ఆమోదం అవసరం లేదు. సామాన్య వినియోగదారునికి కూడా తన ఫైళ్ళను నియమబద్ధంగా ఇతరులతో పంచుకొనే స్వేచ్ఛ దీని వలన లభించింది.

బెల్ లేబొరేటరీస్ ఈ ఆవిష్కరణకు రిచీ పేరుతో జూలై 9, 1973న పేటెంటు దరఖాస్తు చేసింది. జనవరి 16, 1979న 4,135,240 సంఖ్యతో అమెరికా పేటెంటు మంజూరైంది. తరువాత దానిని ప్రజలకు అంకితం చేశారు. రుసుము చెల్లించే అవసరం లేకుండా యూనిక్స్‌ను అనుసరించి వచ్చిన వ్యవస్థలన్నీ దీనిని స్వీకరించగలిగాయి.

భద్రతపై రిచీ వ్యాసం

యూనిక్స్ ఏడవ కూర్పుతో 1979లో వెలువడిన కరదీపికల రెండవ సంపుటంలో యూనిక్స్ భద్రతపై రిచీ వ్రాసిన చిన్న వ్యాసం ఒకటి ఉన్నది. తాను కట్టిన ఇంటికి ఎక్కడెక్కడ బీటలున్నవో ఆ ఇంటి శిల్పే స్వయంగా చూపించిన అరుదైన రచన ఇది. యూనిక్స్ నిర్మాణం భద్రతను ప్రధాన లక్ష్యంగా ఉంచుకొని జరగలేదని, కనుక లోపాలు తప్పవని ఈయన దాపరికం లేకుండా అంగీకరించాడు. డిస్కు నిండేవరకు ఫైళ్ళు సృష్టించి ఎవరైనా వ్యవస్థను స్తంభింపజేయవచ్చునని చూపాడు. ప్రవేశ తెరను అనుకరించే నకిలీ ప్రోగ్రామును ఉంచి, తరువాత వచ్చినవారి సంకేతపదాన్ని దొంగిలించే మోసాన్ని వివరించాడు.

సెట్ యూజర్ ఐడి గురించి కూడా ఇందులో గట్టి హెచ్చరిక ఉన్నది. ఆ బిట్టు గల ప్రోగ్రాము ఫైలుపై ఇతరులకు వ్రాసే అనుమతి ఉంటే, దానిలో ఎవరైనా తమకు కావలసిన ప్రోగ్రామును నింపి యజమాని అధికారాన్ని కాజేయవచ్చు. ద్వారపాలకుడు నమ్మకస్తుడైనంతవరకే ఆ ఏర్పాటు పనికివస్తుంది.

ఈ హెచ్చరిక ఎంత దూరదృష్టి గలదో తరువాతి చరిత్ర నిరూపించింది. అనేక లినక్స్ వ్యవస్థలలో ఈ బిట్టుతో నడిచే పీకెఎగ్జెక్ అనే ప్రోగ్రాములో 2009 నుండి దాగి ఉన్న దోషం 2022 జనవరిలో బయటపడింది. దాని ద్వారా సాధారణ వినియోగదారుడు నిర్వాహకుని అధికారం పొందగలిగేవాడు. ఇటువంటి ప్రమాదాలను తగ్గించడానికి లినక్స్‌లో నిర్వాహకుని సంపూర్ణ అధికారాన్ని చిన్న చిన్న సామర్థ్యాలుగా విభజించి, ప్రోగ్రాముకు అవసరమైనంత మేరకే ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది.

అనుమతి దోషాలు - పరిశీలించే క్రమం

రిచీ, థాంప్సన్ నిర్ణయించిన నియమాలు తెలిస్తే అనుమతి దోషాలకు కారణం కనుగొనడం కష్టం కాదు. పరిశీలన సాధారణంగా ఈ క్రమంలో సాగుతుంది.

మొదటిది, సందేశాన్ని సరిగా చదవడం. అనుమతి నిరాకరణకు యూనిక్స్‌లో దోష సంఖ్య 13. ఈ చర్య చేయరాదు అని తెలిపే దోష సంఖ్య 1. ఇవి రెండూ వేరు. మొదటిదానికి కారణం సాధారణంగా ఫైలు లేక డైరెక్టరీ బిట్లు. రెండవది, ఫైలు యజమానికో ప్రధాన నిర్వాహకునికో మాత్రమే చెందిన పనిని మరొకరు తలపెట్టినప్పుడు ఎక్కువగా వస్తుంది. ఫైలే లేనప్పుడు వచ్చే దోష సంఖ్య 2.

రెండవది, తాను ఏ పేరుతో, ఏ బృందాలలో సభ్యునిగా ఉన్నాడో ఐడి ఆదేశంతో తెలుసుకోవడం. బృందంలో కొత్తగా చేర్చబడినవాడు తిరిగి లాగిన్ అయ్యేవరకు ఆ సభ్యత్వం సాధారణంగా అమలులోకి రాదు. చాలామందిని తికమక పెట్టే విషయం ఇది.

మూడవది, ఎల్ఎస్ ఆదేశపు దీర్ఘ రూపంతో ఫైలు యజమానిని, బృందాన్ని, బిట్లను చూడడం. వ్యవస్థ యజమాని వర్గాన్ని మొదట పరిశీలిస్తుంది. వినియోగదారుడు యజమాని అయితే ఆ వర్గపు బిట్లే వర్తిస్తాయి. ఇతరులకు అనుమతి ఉండి, యజమానికి లేకపోతే యజమానికే నిరాకరణ ఎదురవుతుంది.

నాలుగవది, ఫైలు వరకు గల దారి మొత్తాన్ని పరిశీలించడం. మూలం నుండి ఫైలు వరకు ప్రతి డైరెక్టరీకి నడిపే అనుమతి ఉండాలి. ఫైలు బిట్లు ఎంత ఉదారంగా ఉన్నా, దారిలో ఒక్క తలుపు మూసి ఉంటే ప్రవేశం లేదు.

ఐదవది, ప్రోగ్రామును నడపలేకపోతే నడిపే బిట్టును, ఆ డిస్కు భాగాన్ని జోడించిన విధానాన్ని చూడడం. ప్రోగ్రాములు నడపరాదనే నియమంతో జోడించిన భాగంలో ఆ బిట్టు ఉన్నా ఫలితం లేదు. ఆదేశాల పట్టికగా వ్రాసిన స్క్రిప్టు అయితే మొదటి పంక్తిలో పేర్కొన్న వ్యాఖ్యాతకు కూడా నడిపే అనుమతి ఉండాలి. ఆ మొదటి పంక్తిని కెర్నెల్ స్వయంగా గుర్తించే పద్ధతిని 1980 జనవరిలో ప్రవేశపెట్టినది కూడా రిచీయే. స్క్రిప్టులపై సెట్ యూజర్ ఐడి బిట్టును భద్రతా కారణాల వలన లినక్స్ లెక్కచేయదు.

ఆరవది, అమరికల ఫైళ్ళను పరిశీలించడం. సుడో అనే సాధనపు నియమాల ఫైలులో వ్యాకరణ దోషం ఉన్నదేమో పరీక్షించడానికి వైసుడో ఆదేశంలో ప్రత్యేక ఐచ్ఛికం ఉన్నది. దూరప్రవేశానికి వాడే ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ సర్వరులో కూడా అమరికలను ముందుగా సరిచూసే ఐచ్ఛికం ఉన్నది. పాత అమరికలతో సర్వరు నడుస్తూ ఉండగానే కొత్తవాటిని ఈ విధంగా పరీక్షిస్తే, దోషమున్న ఫైలుతో దానిని పునఃప్రారంభించి లోపలికి వెళ్ళే దారి పోగొట్టుకొనే ప్రమాదం తప్పుతుంది.

విసుగు చెందినవారు తరచుగా అన్ని ఫైళ్ళకు 777 అనుమతి ఇస్తూ ఉంటారు. ఇది సమస్యను పరిష్కరించడం కాదు, కాపలాను తొలగించడం. పైగా దీని వలన కొత్త దోషాలు పుడతాయి. రహస్య తాళంచెవి ఫైలును ఇతరులు చదవగలిగితే ఎస్ఎస్‌హెచ్ దానిని వాడడానికి నిరాకరిస్తుంది. నియమాల ఫైలును ఎవరైనా మార్చగలిగితే సుడో పనిచేయదు. వ్యవస్థ డైరెక్టరీలన్నిటికీ ఒకేసారి 777 ఇస్తే సుడో ప్రోగ్రాముపై ఉన్న సెట్ యూజర్ ఐడి బిట్టు చెరిగిపోతుంది. అప్పుడు దోషాన్ని సరిదిద్దడానికి కావలసిన అధికారమే వినియోగదారునికి దూరమవుతుంది. రిచీ బిట్టు విలువ అది లేనినాడు తెలిసివస్తుంది.

తరువాతి కృషి

1980లలో రిచీ యూనిక్స్‌లో దత్తాంశ ప్రవాహాలను నిర్వహించే స్ట్రీమ్స్ పద్ధతిని రూపొందించాడు. 1989లో సి భాషకు అమెరికా జాతీయ ప్రమాణం ఏర్పడింది. ముర్రే హిల్ బృందం యూనిక్స్ తరువాత నిర్మించిన ప్లాన్ 9, ఇన్ఫెర్నో అనే ఆపరేటింగ్ సిస్టంలకు కూడా ఈయన తోడ్పడ్డాడు. సి భాష పరిణామాన్ని గురించి, యూనిక్స్ తొలినాళ్ళను గురించి ఈయన వ్రాసిన చారిత్రక వ్యాసాలు నేటికీ ప్రామాణికాలు. వాటిలో తన పాత్రకంటె సహచరుల పాత్రకే ఎక్కువ స్థానం కల్పించాడు. 2007లో లూసెంట్ సంస్థలో సిస్టం సాఫ్ట్‌వేర్ పరిశోధన విభాగాధిపతిగా పదవీ విరమణ చేశాడు.

పురస్కారాలు

1983: ట్యూరింగ్ పురస్కారం (కెన్ థాంప్సన్‌తో కలిసి)
1988: అమెరికా జాతీయ ఇంజనీరింగు అకాడమీ సభ్యత్వం
1990: రిచర్డ్ హామింగ్ పతకం (కెన్ థాంప్సన్‌తో కలిసి)
1998: అమెరికా జాతీయ సాంకేతిక పతకం (1999లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రదానం చేశాడు)
2011: జపాన్ బహుమతి (కెన్ థాంప్సన్‌తో కలిసి)

మరణం

రిచీ న్యూజెర్సీలోని బర్క్‌లీ హైట్స్‌లో ఒంటరిగా నివసించేవాడు. అక్టోబరు 12, 2011న ఈయన తన ఇంట్లో మరణించి ఉండగా కనుగొన్నారు. పూర్వ సహచరుడు రాబ్ పైక్ ద్వారా ఈ వార్త లోకానికి తెలిసింది. అంతకు ఒక వారం ముందు, అక్టోబరు 5న, ఆపిల్ సంస్థ స్థాపకులలో ఒకడైన స్టీవ్ జాబ్స్ మరణించాడు. ప్రపంచ పత్రికలన్నీ ఆ వార్తతో నిండి ఉండడం వలన రిచీ మరణానికి అంతగా ప్రచారం లభించలేదు. ఆపిల్ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టం సైతం యూనిక్స్ సంతతికి చెందినదే కావడం గమనార్హం. ప్రచురణకర్త టిమ్ ఓరైలీ అక్టోబరు 30, 2011ను రిచీ స్మారక దినంగా పాటించాలని పిలుపునిచ్చాడు. ఆ ఏడాది నవంబరులో వెలువడిన ఫెడోరా 16 లినక్స్‌ను, 2012 జనవరిలో వెలువడిన ఫ్రీబీఎస్‌డీ 9.0ను ఈయన స్మృతికి అంకితం చేశారు.

ప్రభావం

లినక్స్ కెర్నెల్‌లో అత్యధిక భాగం సి భాషలోనే ఉన్నది. ఆ కెర్నెల్‌పై ఆధారపడిన ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా ఒక్కొక్క అనువర్తనానికి ఒక్కొక్క వినియోగదారు సంఖ్య కేటాయించబడుతుంది. ఒక అనువర్తనం మరొకదాని ఫైళ్ళను తాకకుండా కాపాడే ఏర్పాట్లలో ఇది ముఖ్యమైనది. 1971లో టైపిస్టులకు, పరిశోధకులకు మధ్య గీసిన గీతే నేడు చేతిలోని ఫోనులో అనువర్తనాల మధ్య నిలిచి ఉన్నది.

ఆపరేటింగ్ సిస్టంల పరిశోధకుల సంఘం 2013లో ఈయన పేరుతో ఒక వార్షిక పురస్కారాన్ని నెలకొల్పింది. ఉత్తమ డాక్టరేటు సిద్ధాంత వ్యాసానికి దానిని ప్రదానం చేస్తారు. బైండు ప్రతి సమర్పించని కారణంగా స్వయంగా డాక్టరేటు పొందని రిచీ పేరు ఆ విధంగా యువ పరిశోధకుల సిద్ధాంత వ్యాసాలతో ముడిపడి నిలిచింది.